పాటల ప్లేయర్‌ని కంప్యూటర్ గుర్తుపట్టడం లేదా? డ్రైవర్ జోలికి వెళ్లే ముందూ, వెళ్లాకా

మా మామయ్య వైజాగ్ స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై లాసన్స్ బే కాలనీలో ఉంటాడు. రోజూ తెల్లారకముందే బీచ్ రోడ్డు మీద నడక. చొక్కా జేబుకి తగిలించుకునే చిన్న శాన్‌డిస్క్ క్లిప్ ప్లస్ ప్లేయర్, చెవుల్లో వైర్లు. ఫోన్ పట్టుకెళ్లడు. పట్టుకెళితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారట. మొన్న వానాకాలంలో ఆ ప్లేయర్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఒరే అల్లుడూ, దీనికి డ్రైవర్ పోయిందటరా. కంప్యూటర్‌లో కనబడట్లేదు. కొత్తది వేయించాలంటే ఎంతవుద్దేటి?"

డ్రైవర్ అంటే కంప్యూటర్‌కీ ప్లేయర్‌లాంటి వస్తువుకీ మధ్య మాటలు నడిపే చిన్న ప్రోగ్రామ్. అప్పటికే పక్కింటి కుర్రాడెవరో 'డ్రైవర్ అప్‌డేటర్' పేరుతో ఏదో దించి ఇన్‌స్టాల్ చేశాడు. దాంతో లాప్‌టాప్ నిండా ప్రకటనలు, ఎర్ర అక్షరాల హెచ్చరికలు. ప్లేయర్ మాత్రం ఎప్పట్లాగే కనబడలేదు. దాన్ని బాగుచెయ్యడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. ఆ ఆదివారం వెళ్లిన వరుసలోనే ఇక్కడ చెబుతున్నాను. వరుస ఎందుకు ముఖ్యమంటే, డ్రైవర్ తప్పని అందరూ అనుకునే చోట చాలాసార్లు డ్రైవర్ వంతే ఇంకా వచ్చి ఉండదు.

డ్రైవర్ ఎక్కడుంటుంది?

విండోస్ 98 రోజుల్లో పెన్‌డ్రైవ్‌కి కూడా డ్రైవర్ సీడీ వేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడలా కాదు. ఎంపీ3 ప్లేయర్లు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు ముఖ్యంగా రెండు, ఆ రెండింటికీ డ్రైవర్లు విండోస్‌లోనే ఉన్నాయి.

మొదటిది మాస్ స్టోరేజ్. కొన్ని ప్లేయర్ల సెట్టింగుల్లో దీన్నే ఎంఎస్‌సీ అనో యూఎంఎస్ అనో రాస్తారు. ప్లేయర్ అచ్చంగా పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది, దానికో డ్రైవ్ అక్షరం వస్తుంది, పాటలు కాపీ చేసి పేస్ట్ చెయ్యడమే. రెండోది ఎంటీపీ, అంటే మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపితే కనబడే తీరు ఇదే. డ్రైవ్ అక్షరం ఉండదు, 'దిస్ పీసీ'లో ప్లేయర్ బొమ్మ కనబడుతుంది. విస్టా నుంచి ఎంటీపీ డ్రైవర్ విండోస్‌తోనే వస్తోంది. ఎవరి దగ్గరైనా ఇంకా ఎక్స్‌పీ నడుస్తుంటే విండోస్ మీడియా ప్లేయర్ 10 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి.

సొంత డ్రైవర్ కావాల్సినవి కొన్నే: ఆపిల్ ఐపాడ్ టచ్, సోనీ పాత నెట్ ఎండీ మినీడిస్క్‌లు, యూఎస్‌బీ డాక్‌గా (DAC, అంటే కంప్యూటర్‌లోని పాటని తన ద్వారా వినిపించే పరికరంగా) వాడుకునే కొన్ని ఖరీదైన ప్లేయర్లు. మీ ప్లేయర్ వీటిలో లేకపోతే నెట్‌లో 'ఫలానా మోడల్ డ్రైవర్ డౌన్‌లోడ్' అని వెతకొద్దు. అలా వెతికితే దొరికేది మా మామయ్యకి దొరికినలాంటిదే.

ముందు చెవులతో వినండి

ప్లేయర్ తగిలించగానే విండోస్ 'టిడింగ్' అని శబ్దం చేస్తుంది. స్పీకర్ పెంచి, తగిలించి, వినండి.

శబ్దమే లేదా? అయితే అవతల ఒక వస్తువు ఉందని కూడా విండోస్‌కి తెలియదు. ఈ స్థితిలో ఏ డ్రైవర్ వేసినా దండగ. కేబుల్, పోర్టు, బ్యాటరీ, ఈ మూడే చూడాలి. శబ్దం వచ్చి కూడా ప్లేయర్ కనబడకపోతే, అప్పుడు కంప్యూటర్‌కి తగిలించిన వస్తువుల జాబితా చూపించే డివైస్ మేనేజర్ దాకా వెళ్లాలి.

"శబ్దం రాలేదు గానీ చార్జింగ్ ఎక్కుతోంది కదరా, కేబుల్ మంచిదే" అన్నాడు మామయ్య. అందరూ ఇక్కడే పడతారు. మినీ, మైక్రో యూఎస్‌బీ మూతిలో అయిదు పిన్నులుంటాయి. ఆ చివర ఒకటి 5 వోల్టుల కరెంటుకి, ఈ చివర ఒకటి గ్రౌండ్‌కి. వాటి మధ్యలో డి మైనస్, డి ప్లస్ అని రెండు పిన్నులు డేటాకి, ఇంకొకటి గుర్తింపు పనికి. చార్జింగ్‌కి చివరి రెండూ చాలు. డేటా తీగలే లేకుండా కేవలం చార్జింగ్ కోసం చేసిన కేబుళ్లు బజార్లో బోలెడు, అందులోనూ చవక హెడ్‌ఫోన్లతో, ట్రిమ్మర్లతో వచ్చేవి. చూడ్డానికి తేడా ఏమీ తెలియదు. మామయ్య తెచ్చిన కేబుల్ ఏదో ఎమర్జెన్సీ లైటుతో వచ్చిందట.

క్లిప్ ప్లస్‌కి కావాల్సింది మినీ యూఎస్‌బీ. ఇప్పుడా కేబుల్ దొరకడం కాస్త కష్టమే. జగదాంబ దగ్గర రెండు షాపుల్లో అడిగితే మైక్రో ఇచ్చి "ఇదే సార్" అన్నారు. చివరికి మా ఇంట్లో పాత డిజిటల్ కెమెరా సంచిలో దొరికింది. మీకూ కావాలంటే పాత కెమెరా, పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ వీటి డబ్బాల్లో ముందు వెతకండి. దొరికిన కేబుల్‌తో ఇంకేదైనా వస్తువు నుంచి ఒక ఫైల్ కాపీ అయ్యిందంటే అది డేటా కేబులే.

మన ఊరి గాలి సంగతి

కేబుల్ మార్చాక శబ్దం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. టిడింగ్, టుడుంగ్, టిడింగ్. అలా వచ్చిపోతుంటే పోర్టు లోపల చూడాల్సిందే.

బీచ్‌కి దగ్గరగా ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, కిటికీ గ్రిల్‌కి ఏటా రంగు వేయిస్తేనే నిలబడుతుంది. అదే ఉప్పుగాలి ప్లేయర్ మూతిలోకీ వెళుతుంది. దానికి తోడు నడకలో పట్టిన చెమట. ఫోన్ టార్చ్ వేసి, చదివే అద్దం పెట్టి చూశాను. లోపల నాలుక మీద అయిదు సన్నటి గీతలు కనబడాలి. చివరి రెండూ బంగారు రంగులో మెరుస్తున్నాయి. మధ్యలో రెండు గీతల మీద పాత రాగి చెంబుకి పట్టే చిలుములాంటి పచ్చటి పూత. చార్జింగ్ ఎందుకు ఎక్కుతోందో, డేటా ఎందుకు రావట్లేదో మామయ్యకి అద్దంలోనే చూపించాను.

శుభ్రం చెయ్యడం ఇలా:

1. ప్లేయర్ పూర్తిగా ఆపండి. కేబుల్ తీసెయ్యండి.
2. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వీలైతే 99 శాతంది తీసుకోండి. ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, జిగురు రెండూ ఉంటాయి. పెట్రోలు అసలే వద్దు.
3. మెత్తటి టూత్‌బ్రష్ కుచ్చుని కత్తిరించి సన్నగా చేసి, ద్రవంలో ముంచి, విదిలించి, పిన్నుల పొడవునా లోపల్నుంచి బయటికి లాగండి. అడ్డంగా రుద్దితే పిన్నులు వంగిపోతాయి. గుండుసూదితో గోకే పని పెట్టుకోవద్దు.
4. అరగంట ఫ్యాన్ కింద ఆరనివ్వండి. వానాకాలమైతే గంట.
5. కేబుల్ మూతిని కూడా అలాగే తుడవండి. కొత్త పోర్టులో పాత చిలుము కేబుల్ పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక కంప్యూటర్ వైపు. డెస్క్‌టాప్ అయితే ముందున్న పోర్టులు వదిలేసి వెనక, నేరుగా మదర్‌బోర్డు మీదున్న వాటికి తగిలించండి. పాత ప్లేయర్లు కొన్ని నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుల్లో మొరాయిస్తాయి, నల్ల రంగు యూఎస్‌బీ 2లో బుద్ధిగా పలుకుతాయి. లాప్‌టాప్‌లో అన్నీ యూఎస్‌బీ 3లే ఉంటే మధ్యలో ఒక యూఎస్‌బీ 2 హబ్ పెట్టి చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన ప్లేయర్‌ని ముందు అరగంట చార్జ్ చెయ్యండి. హ్యాంగ్ అయిందనిపిస్తే పవర్ బటన్‌ని 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. క్లిప్ ప్లస్ అలాగే రీసెట్ అవుతుంది.

ఇప్పుడు డివైస్ మేనేజర్

కీబోర్డ్ మీద విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే పట్టీలో డివైస్ మేనేజర్ ఉంటుంది. దాన్ని తెరిచి పెట్టుకుని ప్లేయర్ తగిలించండి. జాబితా ఒకసారి రెప్పవేసినట్టు కదిలి, కొత్త వరుస ఒకటి చేరుతుంది. అది ఎక్కడ చేరిందో చూడండి. 'డిస్క్ డ్రైవ్స్' కింద చేరితే మాస్ స్టోరేజ్. 'పోర్టబుల్ డివైసెస్' కింద అయితే ఎంటీపీ. 'అదర్ డివైసెస్' కిందో, పసుపు త్రికోణంతోనో కనబడితే సమస్య ఉన్నట్టే.

ఆ వరుస మీద రెండుసార్లు నొక్కితే 'జనరల్' అనే ట్యాబ్‌లో ఒక కోడ్ అంకె ఉంటుంది. షాపుకి వెళ్లినా, ఎవరికైనా ఫోన్ చేసినా ముందు చెప్పాల్సింది ఈ అంకె. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు ఎక్కలేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది గానీ పరికరం మొదలవ్వలేదు. కోడ్ 19 అయితే రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఆ పరికరం వివరాలు చెడిపోయాయి. కోడ్ 43 అంటే పరికరమే ఏదో లోపం ఉందని చెప్పింది, విండోస్ దాన్ని ఆపేసింది. కోడ్ 52 డిజిటల్ సంతకం సమస్య, అంటే ఆ డ్రైవర్ ఎవరు చేశారో విండోస్ నిర్ధారించుకోలేకపోయింది. 28, 19 డ్రైవర్ పనితో తీరతాయి. 43 ఎక్కువగా కేబుల్, పోర్టు వైపే చూపిస్తుంది.

తర్వాత 'డీటెయిల్స్' ట్యాబ్‌లో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. వీఐడీ తర్వాత నాలుగు అక్షరాలు కనబడతాయి, అది తయారీ కంపెనీ గుర్తు. 0781 అయితే శాన్‌డిస్క్, 054సీ సోనీ, 05ఏసీ ఆపిల్, 041ఈ క్రియేటివ్, 04ఈ8 శాంసంగ్. ఆ స్థానంలో 0000 ఉండి, పైన 'డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని ఉంటే ప్లేయర్ తన పేరు కూడా చెప్పలేకపోయిందన్నమాట. పేరే తెలియకుండా విండోస్ ఏ డ్రైవర్ ఇవ్వగలదు? వెనక్కి, కేబుల్ దగ్గరికి వెళ్లండి. మామయ్య ప్లేయర్ శుభ్రం చెయ్యకముందు ఇదే చూపించింది. శుభ్రం చేశాక 0781 వచ్చింది.

కోడ్ 28 లేదా 19: ఎంటీపీ డ్రైవర్‌ని చేత్తో పెట్టడం

పేరు సరిగ్గా వచ్చి, పసుపు త్రికోణం పోకపోతే ఇలా చెయ్యండి.

1. ముందు పాత దయ్యాల్ని వదిలించాలి. 'వ్యూ' మెనూలో 'షో హిడెన్ డివైసెస్' నొక్కండి. పోర్టబుల్ డివైసెస్ కింద బూడిద రంగులో పాత ప్లేయర్ల పేర్లు కనబడతాయి. మీ ప్లేయర్‌కి సంబంధించిన వాటి మీద కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. డ్రైవర్ ఫైల్‌ని కూడా తీసెయ్యాలా అని టిక్ పెట్టె కనబడితే, బయట నుంచి వేసిన డ్రైవరైతేనే టిక్ పెట్టండి.
2. ప్లేయర్ పీకేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, మళ్లీ తగిలించండి. సగం కేసులు ఇక్కడితో తేలిపోతాయని నా అనుభవం.
3. తేలకపోతే, త్రికోణం ఉన్న వరుస మీద కుడి క్లిక్, 'అప్‌డేట్ డ్రైవర్'. ఆన్‌లైన్‌లో వెతికే మొదటి ఎంపిక వద్దు, రెండోది 'బ్రౌజ్ మై కంప్యూటర్' నొక్కండి.
4. ఫోల్డర్ అడిగే పెట్టె వదిలేసి, కింద 'లెట్ మి పిక్ ఫ్రమ్ ఎ లిస్ట్' నొక్కండి.
5. 'పోర్టబుల్ డివైసెస్' ఎంచుకుంటే ఎడమ వైపు 'స్టాండర్డ్ ఎంటీపీ డివైస్', కుడి వైపు 'ఎంటీపీ యూఎస్‌బీ డివైస్' ఉంటాయి. దాన్ని ఎంచుకుని 'నెక్స్ట్'. ఇది సరిపోతుందో లేదో చెప్పలేమని విండోస్ హెచ్చరిస్తుంది. మీ ప్లేయర్ ఎంటీపీ అని ముందే తెలుసు కాబట్టి 'యెస్' అనండి.

ఇంత చేసినా కోడ్ 10 గానీ 19 గానీ వస్తే రిజిస్ట్రీలో ఒక చోట చూడాలి. రిజిస్ట్రీ అంటే చేతులు వణికే వాళ్లు ఈ పేరా వదిలేసి తెలిసిన వాళ్ల చేత చేయించుకోండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్. ఈ వరుసలో దిగితే పొడుగాటి అంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి. ఈఈసీ5ఏడీ98తో మొదలయ్యేది పోర్టబుల్ డివైసెస్‌ది. ముందు ఆ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి 'ఎక్స్‌పోర్ట్'తో కాపీ దాచుకోండి. కుడి వైపు 'అప్పర్ ఫిల్టర్స్' అనే పేరు ఉంటే దాన్ని మాత్రం తొలగించి రీస్టార్ట్ చెయ్యండి. ఎప్పుడో వేసి తీసేసిన సాఫ్ట్‌వేర్ వదిలిన ముక్క అక్కడ అడ్డంపడుతుంటుంది.

ఇంకొకటి. యూరప్ నుంచి పిల్లలు పంపిన లాప్‌టాప్‌లున్న ఇళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', 'అబౌట్' తెరిచి చూడండి. విండోస్ పేరు చివర 'ఎన్' అని ఉంటే అందులో మీడియా భాగాలు ఉండవు, ఎంటీపీ పనిచెయ్యదు. 'ఆప్షనల్ ఫీచర్స్'లో 'మీడియా ఫీచర్ ప్యాక్' జోడించి రీస్టార్ట్ చేస్తే సరి. దీని మీద ఒకప్పుడు నేను రెండు రాత్రులు తగలేశాను.

కనబడింది, కానీ తెరుచుకోవట్లేదు

డిస్క్ డ్రైవ్స్ కింద పేరుంది, ఎక్స్‌ప్లోరర్‌లో లేదు. ఇలాంటప్పుడు విండోస్ బటన్, ఎక్స్ నొక్కి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. ప్లేయర్‌కి డ్రైవ్ అక్షరం లేకపోతే కుడి క్లిక్ చేసి 'చేంజ్ డ్రైవ్ లెటర్' ద్వారా ఖాళీగా ఉన్న అక్షరం ఇవ్వండి. అక్కడ 'రా' (RAW) అని ఉండి, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగితే వెంటనే సరే అనకండి. ఫైల్ సిస్టమ్ దెబ్బతింది గానీ పాటలు ఇంకా లోపలే ఉండొచ్చు. అవి ఇంకెక్కడా లేకపోతే ముందు రికవరీ సంగతి చూడండి. ఫార్మాట్ తప్పదంటే పాత ప్లేయర్లకి ఫ్యాట్32 మంచిది. ఎన్‌టీఎఫ్ఎస్ చేస్తే కంప్యూటర్‌కి కనబడుతుంది, ప్లేయర్‌కే కనబడదు.

కాసేపు పనిచేసి కాపీ మధ్యలో మాయమవుతుంటే పవర్ సెట్టింగు చూడండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి 'యూఎస్‌బీ రూట్ హబ్' తెరిచి 'పవర్ మేనేజ్‌మెంట్' ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఆపెయ్యడానికి అనుమతించే టిక్ తీసెయ్యండి.

ఐపాడ్‌లు, కొత్త ప్లేయర్లు, పాత సీడీలు

గుండ్రటి చక్రం ఉన్న పాత ఐపాడ్‌లు అడుగున మాస్ స్టోరేజ్‌వే, డిస్క్ కనబడటానికి ఆపిల్ డ్రైవర్ అక్కర్లేదు. పలక్కపోతే మెనూ, మధ్య బటన్ కలిపి నొక్కి పట్టుకోండి. ఆపిల్ గుర్తు రాగానే మధ్య బటన్, ప్లే బటన్ పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి వెళుతుంది. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ని విండోస్ చదవదు, అది డ్రైవర్ తప్పు కాదు. ఐపాడ్ టచ్ సంగతి వేరు. దానికి ఐట్యూన్స్ గానీ ఆపిల్ డివైసెస్ యాప్ గానీ వెయ్యాలి, ప్లేయర్ తెర మీద 'ట్రస్ట్' నొక్కాలి. అప్పటికీ రాకపోతే విండోస్ సర్వీసుల్లో 'ఆపిల్ మొబైల్ డివైస్ సర్వీస్'ని రీస్టార్ట్ చెయ్యండి.

ఆండ్రాయిడ్‌తో నడిచే ప్లేయర్లలో తెర అన్‌లాక్ చేసి, నోటిఫికేషన్ దించి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి. అందులో యూఎస్‌బీ డాక్ మోడ్ ఆన్‌లో ఉంటే స్పీకర్‌లా కనబడుతుంది తప్ప ఫైళ్లు చూపించదు.

ఇరవై ఏళ్లనాటి డ్రైవర్ సీడీలంటారా, 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో ఎక్కదు. సంతకం లేనివీ ఎక్కవు. విండోస్‌లో 'మెమరీ ఇంటిగ్రిటీ' అనే రక్షణ ఆపేస్తే కొన్ని ఎక్కుతాయని సలహాలిస్తారు. ఒక పాటల డబ్బా కోసం కంప్యూటర్ తలుపులు తీసిపెట్టడం నాకు నచ్చదు. పాత లాప్‌టాప్ ఒకటి అటక మీద ఉంటే దాన్నే వాడండి, నెట్ కలపకుండా.

అసలు లోపం ఎవరిదో తేల్చుకోలేకపోతే

ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసుకోండి. ఉబుంటు అంటే విండోస్‌కి బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడపగలిగే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఇన్‌స్టాల్ చెయ్యకుండా 'ట్రై' అని నడిపి, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) ఎల్ఎస్‌యూఎస్‌బీ అని చిన్న అక్షరాల ఇంగ్లిషులో కొట్టండి. ప్లేయర్ పేరు అక్కడ కనబడితే వస్తువు మంచిదే, తప్పు విండోస్‌ది. అక్కడా కనబడకపోతే ఇంకో కేబుల్‌తో, ఇంకో కంప్యూటర్‌తో ఒకసారి చూసి, పోర్టు మార్పించడానికి సోల్డరింగ్ చేసే వాళ్ల దగ్గరికి వెళ్లండి. మెమరీ కార్డు ఉన్న ప్లేయర్ అయితే కార్డు బయటికి తీసి రీడర్‌లో పెడితే అందులోని పాటలైనా చేతికొస్తాయి.

మామయ్య ప్లేయర్‌కి అంత దూరం వెళ్లే పని పడలేదు. పోర్టు శుభ్రమయ్యాక కంప్యూటర్‌లో కనబడింది. తెరిస్తే మ్యూజిక్ ఫోల్డర్ ఖాళీ! మామయ్య మొహం చూడాలి. "పోయాయేట్రా అన్నీ?"

పోలేదు. క్లిప్ ప్లస్ సెట్టింగుల్లో 'యూఎస్‌బీ మోడ్' అని ఉంటుంది: ఆటో డిటెక్ట్, ఎంటీపీ, ఎంఎస్‌సీ. ఎంటీపీలో ఎక్కించిన పాటలు ఎంఎస్‌సీలో కంప్యూటర్‌కి కనబడవు, అందులో ఎక్కించినవి ఇందులో కనబడవు. ప్లేయర్ మాత్రం రెండు రకాలనీ పాడుతూనే ఉంటుంది. పక్కింటి కుర్రాడు ఆ సెట్టింగు కూడా కదిపాడు. ఎంటీపీకి మార్చి మళ్లీ తగిలిస్తే పాటలన్నీ వరుసగా వచ్చేశాయి. అన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ తీసి, మోడ్‌ని ఎంఎస్‌సీకి మార్చి, తిరిగి ఎక్కించి అక్కడే వదిలేశాను. ఎంఎస్‌సీ అయితే పెన్‌డ్రైవ్ వాడే ఎవరైనా పాటలు మార్చగలరు, ఈ ఖాళీ ఫోల్డర్ టెన్షన్ ఉండదు. పీకే ముందు 'ఎజెక్ట్' మాత్రం నొక్కాలి.

కెమెరా కేబుల్ కూడా మామయ్యే పట్టుకుపోయాడు.